సంతకం లేని చూపు

రేడియాలజిస్టు రిపోర్టు మీద సంతకం పెట్టకముందే ఆ బొమ్మను చూసిన మనిషి ఒకరుంటారు. పేషెంటును బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, బటన్ నొక్కిన టెక్నీషియన్. బొమ్మ సరిగ్గా పడిందో లేదో చూసుకోవడం వాళ్ల పని. ఆ చూడటంలోనే విరిగిన పక్కటెముకో, ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలో, మెదడు అంచున పేరుకున్న రక్తమో కంటపడుతుంది. కాసేపటికి రిపోర్టు వస్తుంది. అందులో ఆ మాట ఉండదు. అప్పుడేం చేయాలి?

ఈ ఇరకాటం టెక్నీషియన్లకే పరిమితం కాదు. రిపోర్టును ఫైల్లో పెడుతూ కుడి అని ఉండాల్సిన చోట ఎడమ అని చూసిన నర్సుకూ ఎదురవుతుంది. విరగలేదని రాసిచ్చిన చేతికి వ్యాయామం చేయించబోతే పేషెంటు కేక పెట్టగా ఆగిపోయిన ఫిజియోథెరపిస్టుకూ ఎదురవుతుంది. డాక్టరు చెప్పింది టైపు చేస్తూ, పైన రాసిన వివరానికీ కింది ఇంప్రెషన్‌కూ పొంతన కుదరని టైపిస్టుకూ, తండ్రి స్కాన్ రిపోర్టును ఫోన్లో చదువుకుంటూ పోయినేడాది రిపోర్టుతో పోల్చి చూసుకున్న కూతురికీ ఇదే ప్రశ్న. వీళ్లెవరికీ జబ్బు నిర్ధారించే అధికారం లేదు. కానీ చూశారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చూసింది చెప్పడం వేరు, జబ్బుకు పేరు పెట్టడం వేరు. రెండోది డాక్టరు అధికారం. మొదటిది చూసిన ప్రతి ఒక్కరి బాధ్యత. మన ఆసుపత్రుల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, ‘అది మన పని కాదు’ అంటూ బాధ్యతను కూడా వదిలేసుకుంటున్నారు. అయితే చెప్పమని హితబోధ చేసినంత మాత్రాన సరిపోదు. ఎవరికి చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి, చెప్పింది ఎక్కడ నమోదవుతుంది, పొరబడి చెబితే ఏమవుతుంది? వీటికి జవాబు ఇవ్వని సంస్థ తన సిబ్బంది నుంచి ధైర్యాన్ని ఆశించడం అన్యాయం. కొన్ని దేశాలు ఈ జవాబుల కోసం దశాబ్దాలుగా శ్రమించాయి. వాటి అనుభవంలో మనకు పనికొచ్చేవి ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి.

అసలు బొమ్మ చదవడంలో తప్పు ఎలా జరుగుతుంది? నిర్లక్ష్యం వల్ల జరిగేది కొంతే. శాన్‌ఫ్రాన్సిస్కో రేడియాలజిస్టు లియో హెన్రీ గార్లండ్ 1949లో ఈ సంగతిని లెక్కగట్టి చూపించారు. జబ్బు ఉన్న ఛాతీ ఎక్స్‌రేలను అనుభవజ్ఞుల ముందు పెడితే దాదాపు 30 శాతం వాళ్ల చూపు తప్పించుకున్నాయి. రోజువారీ పనిలో నార్మల్ బొమ్మలే ఎక్కువగా ఉంటాయి కాబట్టి మొత్తం మీద తప్పుల శాతం మూడు, నాలుగు దగ్గర ఉంటుందని తరవాతి పరిశీలనలు చెప్పాయి. ఫిల్ము పోయి కంప్యూటరు తెర వచ్చింది, సీటీ వచ్చింది, ఎంఆర్‌ఐ వచ్చింది. గార్లండ్ ఎత్తిచూపిన ఇబ్బంది మాత్రం అలాగే ఉంది.

కారణం కంటికీ మెదడుకూ మధ్య ఉంది. రేడియాలజిస్టుల చూపు బొమ్మ మీద ఎలా కదులుతుందో కొలిచిన హెరాల్డ్ కుండెల్, కాల్విన్ నోడిన్ ఈ తప్పులను మూడు రకాలుగా విడదీశారు. కన్ను ఆ చోటికి వెళ్లనే లేదు. వెళ్లింది గానీ గుర్తించలేదు. గుర్తించినా పట్టించుకోనక్కర్లేదని తీర్మానించింది. 2013లో ట్రాఫ్టన్ డ్రూ బృందం చేసిన ప్రయోగం దీనికి గట్టి రుజువు. ఊపిరితిత్తుల సీటీలో చిన్న గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులను అడిగారు. చివరి కేసులో ఆ గడ్డల కన్నా 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మను చొప్పించారు. 24 మందిలో 20 మంది దాన్ని చూడలేదు. చాలామంది చూపు సరిగ్గా గొరిల్లా మీదుగానే వెళ్లిందని పరికరాలు చెప్పాయి. గడ్డ కోసం వెతుకుతున్న కంటికి గొరిల్లా ఆనలేదు. దీన్ని చదివి డాక్టర్ల పనితనాన్ని తక్కువ చేస్తే పొరపాటు. ఒకటి వెతికే మనిషి ఇంకొకటి చూడకపోవడం మనిషి లక్షణం. ఇంకో జత కళ్లు అవసరమనడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

మరో రెండు అలవాట్లు కూడా తప్పులకు దారి తీస్తాయి. ఒక లోపం దొరకగానే వెతుకులాట ఆగిపోవడం మొదటిది. మణికట్టు విరగడం కనిపించాక మోచేతి దాకా చూపు పోదు. కిమ్, మాన్స్‌ఫీల్డ్ అనే ఇద్దరు రేడియాలజిస్టులు 2014లో ఆలస్యంగా బయటపడ్డ తప్పులను వర్గీకరిస్తే, అసలు గమనించకపోవడం 42 శాతం, ఒకటి దొరికాక ఆగిపోవడం 22 శాతం అని తేలింది. రెండో అలవాటు పాత రిపోర్టును నమ్మడం. ముందు చదివినాయన నార్మల్ అని రాస్తే తరవాతి ఆయన కన్ను కూడా అదే దారి పడుతుంది. ఒక్క తప్పు మూడు రిపోర్టుల దాకా పాకుతుంది. పాత రిపోర్టు చదవని, పేషెంటును మాత్రమే చూసిన టెక్నీషియన్‌కు ఆ బరువు ఉండదు.

అయితే ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. జబ్బు తేలాక పాత ఫిల్ము తీసి చూస్తే అది ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. అమెరికాలో మేయో క్లినిక్ జరిపిన ఊపిరితిత్తుల క్యాన్సర్ పరిశోధనలో, ఊపిరితిత్తి అంచుల్లో పుట్టిన క్యాన్సర్లలో 90 శాతం పాత ఎక్స్‌రేల్లోనూ కనిపిస్తున్నాయని వెనక్కి తిరిగి చూసినప్పుడు తేలింది. అలాగని 90 శాతం కేసుల్లో డాక్టర్లు తప్పు చేశారని అర్థం కాదు. జవాబు తెలిశాక ప్రశ్న సులువే. అందుకే ఈ రంగంలో పెద్దలు ప్రతి తేడానూ తప్పు అనరు, తేడా అనే అంటారు. మొదట చూసినప్పుడు తోటి నిపుణుడు దాన్ని పట్టుకుని ఉండేవాడా అన్నదే అసలు కొలత. ఎత్తిచూపే వాళ్లకు ఈ ఎరుక ఉంటే మాట్లాడే గొంతు మారుతుంది.

విషయం ఎక్కడ మెలిక పడుతుందో దగ్గరి నుంచి చూద్దాం. జిల్లా కేంద్రంలో రాత్రి నడిచే ఒక సీటీ సెంటర్ అనుకోండి. బండి మీంచి పడ్డ పాతికేళ్ల కుర్రాణ్ని తీసుకొచ్చారు. క్యాజువాల్టీ నుంచి వచ్చిన చీటీ మీద ‘హెడ్ ఇంజురీ, సీటీ బ్రెయిన్’ అని తప్ప ఇంకేమీ లేదు. టెక్నీషియన్ అమ్మాయి అతని తలను హెడ్‌రెస్టులో సర్దుతున్నప్పుడు ఎడమ చెవి పైన బొప్పి చేతికి తగిలింది. వచ్చేటప్పుడు మాట్లాడుతూ ఉన్నవాడు ఇప్పుడు మగతగా ఉన్నాడనీ గమనించింది. బొమ్మలు ఊళ్లో లేని రేడియాలజిస్టుకు వెళ్లాయి. ముప్పావు గంటలో రిపోర్టు వచ్చింది, చెప్పుకోదగ్గ లోపం లేదని.

ఆ అమ్మాయికి తృప్తి కలగలేదు. మెదడు చూసే మామూలు విండోలో, అంటే తెర మీది తెలుపు నలుపుల అమరికలో, వెడల్పు 80, మధ్య విలువ 40 ఉంటాయి. ఆ అమరికలో ఎముకా తెల్లగానే ఉంటుంది, తాజా రక్తమూ తెల్లగానే ఉంటుంది. పుర్రె లోపలి అంచును ఆనుకుని పల్చటి రక్తపు పొర ఉంటే అది ఎముకలో కలిసిపోతుంది. విండోను 200 దాకా వెడల్పు చేసి చూస్తే ఎముక వేరుగా, దాని పక్కన సన్నటి నెలవంక వేరుగా విడిపోతాయి. ఆమె అదే చేసి చూసింది. ఎడమ వైపు, నాలుగైదు స్లైసుల పొడవునా ఉంది.

ఇక్కడ ఆమె ముందు మూడు దారులున్నాయి. ఊరుకోవచ్చు. బయట నిలబడ్డ అన్నకు ‘తలలో రక్తం ఉంది, హైదరాబాద్ తీసుకెళ్లండి’ అని చెప్పేయవచ్చు. లేదా రేడియాలజిస్టుకు ఫోన్ చేయవచ్చు. మూడోదే సరైనది. ఫోన్లో ఆడే మాట ఇలా ఉండాలి: “మేడమ్, ఇందాకటి బ్రెయిన్ సీటీ గురించి. ఎడమ వైపు పదిహేనో స్లైసు నుంచి పంతొమ్మిది దాకా ఎముక లోపలి అంచు వెంట తెల్లగా ఉన్నట్టుంది. విండో వెడల్పు చేస్తే విడిగా కనిపిస్తోంది. దెబ్బ కూడా అటువైపే తగిలింది మేడమ్, పేషెంటు మగతగా ఉన్నాడు. రిపోర్టులో ఆ మాట లేదు. ఒక్కసారి మళ్లీ చూస్తారా?” ఇందులో ఎక్కడా సబ్‌డ్యూరల్ అనే జబ్బు పేరు లేదు, మీరు తప్పు చదివారన్న మాట లేదు. ఎక్కడుందో ఉంది, ఎలా చూస్తే కనిపిస్తుందో ఉంది, చీటీలో లేని రెండు సంగతులున్నాయి. అడిగింది ఒక్కటే, మళ్లీ చూడమని. ఆమె పొరబడి ఉంటే మేడమ్‌కు పోయేది రెండు నిమిషాలు. పొరబడకపోతే దక్కేది ప్రాణం. ఫోన్ చేసిన వెంటనే, మగత సంగతి క్యాజువాల్టీ డ్యూటీ డాక్టరుకు కూడా చెప్పాలి. దానికి రేడియాలజిస్టు జవాబు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఆ అమ్మాయి రేడియాలజిస్టు కన్నా ఎక్కువ చదువుకున్నది కాదు. కానీ రేడియాలజిస్టు దగ్గర లేనిదొకటి ఆమె దగ్గరుంది. ఆమె పేషెంటును ముట్టుకుంది. బొప్పి ఎక్కడుందో, ఏ వైపు తిరగమంటే మూలిగాడో, బొమ్మ తీసేటప్పుడు కదిలాడో లేదో ఆమెకు తెలుసు. దూరాన కూర్చుని రెండు మాటల చీటీ ఆధారంగా చదివే డాక్టరుకు ఈ సమాచారం అందకపోవడమే చాలా తప్పులకు మొదలు. రిపోర్టు వచ్చాక దిద్దడం కన్నా, బొమ్మతో పాటే ‘ఎడమ చెవి పైన వాపు, పేషెంటు మగతగా ఉన్నాడు’ అని ఒక వాక్యం రాసి పంపడం ఎంతో మేలు. ఈ ఒక్క అలవాటు పడితే చాలా తప్పులు పుట్టకముందే పోతాయి.

టెక్నీషియన్ చేతిలోనే ఉన్న మరో రకం లోపాలున్నాయి. పక్క చెప్పే మార్కరు తప్పుగా పడటం, ఛాతీ కొద్దిగా తిరిగి ఉండటం, కంట్రాస్ట్ సమయం తప్పడం. ఇవి చదవడంలో తప్పులు కావు, తీయడంలో తప్పులు. వీటిని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొందరికి గుండె పుట్టుకతోనే కుడివైపు ఉంటుంది. తెర మీద గుండె కుడివైపు కనిపించగానే బొమ్మ తిరగబడిందనుకుని దాన్ని తిప్పేసి పంపితే, ఆ సంగతి ఏ డాక్టరుకూ తెలియకుండా పోతుంది. అందుకే మార్కరును కంప్యూటరులో తరవాత అతికించకుండా ఎక్స్‌పోజరుకు ముందే క్యాసెట్ మీద పెట్టమని బడిలో నేర్పుతారు. పని ఒత్తిడిలో మొదట వదిలేసేదీ అదే.

ఈ చూపుకు మొదట గౌరవం ఇచ్చిన దేశం బ్రిటన్. అక్కడా అది సులువుగా రాలేదు. అక్కడ రేడియోగ్రాఫర్లని పిలిచే టెక్నీషియన్ల సంఘం 1920లో ఏర్పడింది. ఆ తొలి ఏళ్లలో బొమ్మ తీసేవాళ్లే చదివి చెప్పడం ఉండేది. డాక్టర్ల ఒత్తిడితో 1920ల మధ్యకే అది ఆగిపోయి, డాక్టరు పర్యవేక్షణలో బొమ్మ తీయడం వరకే వాళ్ల పని అని నిబంధన వచ్చింది. అరవయ్యేళ్లు అలాగే గడిచింది. 1980లలో క్యాజువాల్టీలో రాత్రిపూట జూనియర్ డాక్టర్లు ఫిల్ములు చూసి విరిగిన ఎముకలతోనే పేషెంట్లను ఇంటికి పంపేస్తుంటే, బొమ్మ తీసినవాళ్లకు అనుమానం ఉన్న ఫిల్ము మీద ఎర్ర చుక్క స్టిక్కరు అంటించే పద్ధతి మొదలుపెట్టారు. దీని ఫలితాలు 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఖర్చు లేదు, సంతకం లేదు, వాదన లేదు. ఎర్ర చుక్క చూసిన డాక్టరు ఫిల్మును ఇంకోసారి చూస్తాడు, అంతే. కొన్నేళ్లలో దేశమంతా పాకింది.

దాని లోపాలూ త్వరలోనే తెలిశాయి. చుక్క ఉందంటే ఏదో ఉందని. ఎక్కడ, ఏమిటి? చుక్క చెప్పదు. చుక్క లేదంటే బొమ్మ నార్మల్ అనా, రద్దీలో ఎవరూ చూడలేదనా? అదీ చెప్పదు. చుక్క లేదు కదా అని జూనియర్ డాక్టరు నిశ్చింతగా ఉంటే కొత్త ప్రమాదం పుడుతుంది. అందుకే రేడియోగ్రాఫర్ల సంఘం 2013లో మార్గదర్శకం ఇస్తూ, చుక్క దగ్గర ఆగకుండా రెండు మూడు వాక్యాల తొలి అభిప్రాయం రాయమంది. దానికి శిక్షణ ఉండాలని, దాన్ని తుది రిపోర్టుగా ఎవరూ తీసుకోరాదని స్పష్టంగా చెప్పింది. ఇంకో అడుగు ముందుకేసి, పోస్ట్‌గ్రాడ్యుయేట్ శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లు 1990ల నుంచి అక్కడ రిపోర్టులే రాస్తున్నారు. రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ బొమ్మలూ చదువుతున్నారు. స్టీఫెన్ బ్రీలీ బృందం 2005లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లు మామూలు ఎక్స్‌రేల్లో లోపాన్ని 92.6 శాతం పట్టుకున్నారు, లోపం లేనిదాన్ని 97.7 శాతం సరిగ్గా చెప్పారు. ఈ అంకెలను మన దగ్గర వాదనకు వాడుకునేవాళ్లు ‘శిక్షణ పొందిన’ అన్న మాటను మింగేయకూడదు.

ఆస్ట్రేలియా దీన్ని వృత్తి ధర్మంలోకే తెచ్చింది. 2020 మార్చి నుంచి అమల్లో ఉన్న అక్కడి సామర్థ్య ప్రమాణాల ప్రకారం, ప్రాణం మీదికి వచ్చే లోపం కనిపిస్తే సంబంధిత డాక్టరుకు చేరవేయడం టెక్నీషియన్ విధి. అమెరికా వేరే దారిలో నడిచింది. టెక్నాలజిస్టుల నైతిక నియమావళి బొమ్మకు అర్థం చెప్పడం తమ పరిధి కాదంటుంది. అదే వాక్యంలో, గమనించి డాక్టరుకు సమాచారం అందించేవాళ్లు తామేనని కూడా అంటుంది. రెండు భాగాలూ కలిపి చదవాలి. ఇక అల్ట్రాసౌండ్‌లో ఆ దేశాల పరిస్థితే వేరు. స్కాన్ చేసేది డాక్టరు కాని సోనోగ్రాఫర్, చదివేది రేడియాలజిస్టు. సోనోగ్రాఫర్ నిలిపి తీయని చోటు ఎవరికీ కనిపించదు. మన దేశంలో లింగనిర్ధారణను అరికట్టే 1994 చట్టం అల్ట్రాసౌండ్‌ను అర్హులైన డాక్టర్ల చేతిలోనే ఉంచింది కాబట్టి ఆ వృత్తి ఇక్కడ పెరగలేదు.

చెప్పేవాళ్లు కూడా పొరబడతారు, తరచూ పొరబడతారు. పిల్లల ఎముకల్లో పెరుగుదల గీత విరుపులా కనిపిస్తుంది. రక్తనాళం ఎముకలోకి వెళ్లే దారి సన్నటి పగులులా ఉంటుంది. వయసు మళ్లినవాళ్ల వీపు మీద చర్మం మడత ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినట్టు గీత గీస్తుంది. చనుమొన నీడ గడ్డలా భ్రమింపజేస్తుంది. వీటిని గుర్తించడానికే రేడియాలజిస్టు ఏళ్ల తరబడి చదువుతారు. తప్పుడు అలారం మోగించిన టెక్నీషియన్‌ను అందరి ముందూ కసిరితే, రేపు నిజమైనది కనిపించినా ఆ నోరు లేవదు. “అది చర్మం మడత, చూడు, గీత ఛాతీ బయటిదాకా పోయింది” అని ఒక్క నిమిషం చూపించిన డాక్టరు ఒక మంచి కంటిని తయారుచేసుకున్నట్టే. ఇది మంచితనం గురించి అంటున్నది కాదు. అక్కడ పనిచేసే పద్ధతిలో అదొక భాగం.

ఎంత త్వరగా చెప్పాలన్నది కనిపించినదాన్ని బట్టి ఉంటుంది. ఊపిరితిత్తి చుట్టూ ఒత్తిడితో చేరిన గాలి, మెదడులో రక్తం, పగిలిన బృహద్ధమని, ముక్కులోంచి వేసిన ఆహార గొట్టం ఊపిరితిత్తిలోకి పోవడం. ఇవి పేషెంటు బల్ల దిగకముందే చెప్పాల్సినవి. గొట్టం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2005 సెప్టెంబరు నుంచి 2010 మార్చి వరకు, ఊపిరితిత్తిలోకి పోయిన గొట్టంలోంచి ఆహారం పోయడం వల్ల 21 మంది చనిపోయినట్టు రోగుల భద్రతా సంస్థకు నివేదికలు అందాయి. వాటిలో ఎక్కువ భాగానికి ఎక్స్‌రేను తప్పుగా చదవడమే కారణం. గొట్టం కొస ఎక్కడుందో చూడటానికి ఎండీ రేడియాలజీ అక్కర్లేదు. అది దారి తప్పిందని బొమ్మ తీసిన మనిషే మొదట చూస్తారు. వెంటనే వార్డుకు ఫోన్ చేసి ‘ఆహారం మొదలుపెట్టకండి, డాక్టరు గారు బొమ్మ చూసేదాకా ఆగండి’ అనాలి. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ వంటిదైతే అంత తొందర లేదు. మర్నాడు పొద్దున చెప్పినా చాలు. కానీ చెప్పాలి, రాసి ఉంచాలి.

రాయడం ముఖ్యం. ఫోన్లో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. ఏ పేషెంటు, ఏ బొమ్మ, ఎవరితో ఎన్నింటికి మాట్లాడారు, వాళ్లేమన్నారు. ఈ నాలుగూ రెండు వరుసల్లో రాస్తే అది పేషెంటుకూ రక్ష, రాసినవారికీ రక్ష. రేడియాలజిస్టు మళ్లీ చూసి లేదంటే, ఇంకా అనుమానం తీరకపోతే, బొమ్మ అడిగిన డాక్టరుకు చెప్పవచ్చు, ఆ పైన విభాగాధిపతికి చెప్పవచ్చు. అమెరికాలో 2006 నుంచి ఆసుపత్రి సిబ్బందికి నేర్పుతున్న శిక్షణలో ఒక నియమం ఉంది. భద్రతకు సంబంధించిన మాట ఒకసారి వినిపించుకోకపోతే రెండోసారి చెప్పాలి, అప్పటికీ కాకపోతే పైవాళ్లకు చెప్పాలి. పాత రిపోర్టును చెరిపి కొత్తది పెట్టడం మాత్రం ఎవరూ ఒప్పుకోకూడదు. దిద్దుబాటు అడెండమ్‌గా, అంటే పాత రిపోర్టుకు అనుబంధంగా, తేదీ, సమయంతో రావాలి. పాత రిపోర్టు పట్టుకుని పేషెంటు ఇప్పటికే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే అడెండమ్ కంప్యూటరులో ఉండి లాభం లేదు, ఆ డాక్టరుకు చేరాలి. బ్రిటన్‌లో ఆరోగ్య భద్రతా దర్యాప్తు సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక మొత్తం ఈ అంశం మీదే. లోపాన్ని రేడియాలజిస్టు సరిగ్గా చూసి రాసినా, ఆ రాత ఎవరూ చదవక పేషెంట్లు నష్టపోవడం.

అన్నిటికన్నా కష్టమైన క్షణం బల్ల దగ్గరే వస్తుంది. “అన్నా, ఏమైనా ఉందా?” అని పేషెంటు మొహంలోకి చూసి అడుగుతాడు. ‘ఏం లేదులే, అంతా మంచిదే’ అని అలవాటుగా అనేసేవాళ్లు చాలామంది. లోపం కనిపించాక ఆ మాట అనడం అబద్ధం. ఆ మాట నమ్మి డాక్టరును కలవకుండా ఊరెళ్లిపోయినవాళ్లున్నారు. అలాగని జబ్బు పేరు చెప్పేయడమూ తగదు. అది నిజమో కాదో తెలియదు, నిజమైతే తరవాత ఏం చేయాలో చెప్పగలిగే మనిషి పక్కన ఉండాలి. “బొమ్మ చూసి చెప్పాల్సింది డాక్టరు గారు. మీరు మాత్రం ఆయన్ని కలవకుండా వెళ్లొద్దు, నేను ఇప్పుడే ఆయనకు చెబుతున్నాను” అన్న మాటలో అబద్ధం లేదు, పరిధి దాటడమూ లేదు.

మన రెండు రాష్ట్రాల సంగతికి వస్తే, బ్రిటన్ నేర్చుకున్న పాఠాలు నేరుగా అతకవు. చిన్న పట్టణాల్లో మామూలు ఎక్స్‌రేకు రాతపూర్వక రిపోర్టే ఉండని చోట్లు ఎన్నో. ఫిల్ము కవర్లో పెట్టి చేతికిస్తారు. చూసే డాక్టరు ఎముకల డాక్టరైతే ఎముక చూస్తాడు, పక్కన కనిపించే ఊపిరితిత్తి కొస మీద చూపు పడకపోవచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ చేతికి వెళితే అంతకన్నా తక్కువ. అలాంటి చోట బొమ్మలు చదవడానికి కాస్తో కూస్తో అలవాటుపడ్డ ఏకైక కన్ను టెక్నీషియన్‌దే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో తెచ్చిన ఉచిత రోగనిర్ధారణ సేవల మార్గదర్శకాలు దూరం నుంచి బొమ్మలు చదివే టెలీరేడియాలజీకి చోటిచ్చాయి. దానివల్ల రిపోర్టు లేని చోటికి రిపోర్టు వచ్చింది. కానీ చదివే డాక్టరు ఎవరో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో బొమ్మ తీసిన మనిషికి తెలియని ఏర్పాట్లు కూడా వచ్చాయి. ఒప్పందం రాసేటప్పుడే, చదివిన డాక్టరుతో నేరుగా మాట్లాడే ఫోన్ నంబరు షరతుగా పెట్టాలి. దీనికి డబ్బు ఖర్చు కాదు, పట్టుదల కావాలి.

ఇంకో నిజం ఉద్యోగ భద్రత. కాంట్రాక్టు మీద, ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే టెక్నీషియన్‌కు రేడియాలజిస్టు మాట తీసేయడమంటే వచ్చే నెల జీతం మీద పందెం కాయడం. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజిస్టులను అది ఒక వృత్తిగా గుర్తించింది. అమలు ఎంత నెమ్మదిగా సాగిందంటే 2024లో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. ఆ చట్టం కింద రాసే వృత్తి నియమావళిలో, గమనించిన లోపాన్ని చెప్పడం విధి అనీ, సద్బుద్ధితో చెప్పినవారిపై చర్య తగదనీ ఒక వాక్యం ఉండాలి. ఇప్పుడు ఆ వాక్యం కోసం టెక్నీషియన్ల సంఘాలు పట్టుబట్టాలి. జీతాల కోసం చేసే పోరాటం కన్నా ఇది తక్కువది కాదు.

కుటుంబ సభ్యుల చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. బొమ్మ చదవలేకపోవచ్చు, రిపోర్టు చదవగలరు. పేరు, వయసు, తేదీ, ఏ వైపు తీశారు, పాత స్కాన్‌తో పోల్చారా లేదా. తీసేసిన పిత్తాశయం నార్మల్‌గా ఉందని రాస్తే, ఆ రిపోర్టు వేరొకరిదైనా అయి ఉండాలి, టెంప్లేట్ మార్చకుండా వదిలేసినా వదిలేసి ఉండాలి. అప్పుడు గొడవకు దిగకుండా రిపోర్టు ఇచ్చిన సెంటరుకే వెళ్లి ‘ఈ వాక్యం మా నాన్నకు కుదరడం లేదు, డాక్టరు గారిని మళ్లీ చూడమనండి’ అంటే చాలాసార్లు పని జరుగుతుంది. రెండో అభిప్రాయం కావాలంటే ఫిల్మును ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం పనికిరాదు. సెంటరు నుంచి అసలు బొమ్మలుండే డైకామ్ ఫైళ్లు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోవాలి. విండో మార్చి చూడగలిగేది వాటిలోనే. వైద్య మండలి 2002 నియమాల ప్రకారం, అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో అనుభవం ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అక్కడ రిపోర్టు తయారవగానే పేషెంటు ఫోన్లోకి వచ్చేస్తోంది. డాక్టరు కన్నా ముందే చదువుతున్నారు, అర్ధరాత్రి ఇండియాలోని డాక్టరు బంధువుకు పంపుతున్నారు. ఆ బంధువు చేయగలిగిన మేలు ఒక్కటే, ఏ ప్రశ్న అడగాలో చెప్పడం.

పరిశోధనశాలల్లో ఈ సమస్య ఇంకో రూపంలో ఉంది. ఎంఆర్‌ఐతో మెదడు పనితీరు చదివే మనస్తత్వ శాస్త్ర విద్యార్థికి ఆరోగ్యంగా ఉన్న వాలంటీరు మెదడులో గడ్డ కనిపించవచ్చు. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం లక్షణాలు లేనివాళ్లలో 2.7 శాతం మందికి ఏదో ఒక అనుకోని లోపం బయటపడుతుంది. స్కాన్‌కు ముందు సంతకం తీసుకునే పత్రంలోనే, కనిపిస్తే ఎవరు చూస్తారు, ఎవరు చెబుతారు అన్నది రాసి ఉంచడం తప్ప దీనికి వేరే పరిష్కారం లేదు.

ఇప్పుడు డాక్టరు కాని కొత్త కన్ను ఒకటి వచ్చింది. క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే చదివే సాఫ్ట్‌వేర్‌ను 15 ఏళ్లు దాటినవాళ్లలో వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలతో ఊళ్లలో క్షయ శిబిరాలు పెడుతున్నారు. యంత్రం తక్కువ స్కోరు ఇచ్చింది, తీసిన టెక్నీషియన్‌కు కుడి ఊపిరితిత్తి పైకొసన మసక కనిపించింది, ఎదురుగా ఉన్న మనిషి దగ్గుతున్నాడు. స్కోరును కాదని ఆ మనిషిని కఫం పరీక్షకు పంపే వీలు ఆ టెక్నీషియన్‌కు ఉందా? శిబిరం మార్గదర్శకాలు రాసేవాళ్లు ఈ ప్రశ్నకు అవునని రాయాలి. సాఫ్ట్‌వేర్ క్షయనే వెతుకుతుంది. గొరిల్లా ప్రయోగంలో డాక్టర్లకు వచ్చిన ఇబ్బందే దానికీ ఉంది.

చివరగా సంస్థల బాధ్యత. ఐర్లండ్‌లోని కెర్రీ ఆసుపత్రిలో 2017లో కొన్ని క్యాన్సర్ కేసులు ఆలస్యంగా బయటపడ్డాక, ఒకే తాత్కాలిక రేడియాలజిస్టు చదివిన 46 వేలకు పైగా బొమ్మలను మళ్లీ చదివించారు. 11 మందికి జబ్బు ఆలస్యంగా తేలిందని నిర్ధారణ అయింది. ఒక్కో కేసు విడిగా చూస్తే ఎవరికైనా జరిగే పొరపాటే. కలిపి లెక్కపెడితే తప్ప ఆ తీరు కనిపించదు. కలిపి లెక్కపెట్టాలంటే చిన్న తేడాలు కూడా ఒకచోట చేరాలి. బ్రిటన్‌లో రేడియాలజిస్టుల కళాశాల ఇందుకోసమే ప్రతి విభాగంలో సమీక్షా సమావేశాలు పెట్టమంటుంది. వాటికి పూర్వం తేడాల సమావేశాలని పేరు. వేలెత్తి చూపినట్టు ఉందని, నేర్చుకునే సమావేశాలుగా మార్చారు. పేషెంటు పేరూ చదివిన డాక్టరు పేరూ తీసేసి బొమ్మ తెర మీద వేస్తారు. మన పెద్దాసుపత్రుల్లో ఇలాంటివి జరిగే చోట కూడా టెక్నీషియన్లకు కుర్చీ ఉండదు. వాళ్లను పిలవాలి. ఆ నెలలో వాళ్లు ఎత్తిచూపినవి ఎన్ని, వాటిలో నిజమైనవి ఎన్ని, అడెండమ్ ఎంతసేపట్లో వచ్చింది, పేషెంటుకు చేరిందా అన్నది అక్కడ చదవాలి. ఎత్తిచూపిన ప్రతి ఒక్కరికీ, నిజమైనా కాకపోయినా, ఏమైందో తిరిగి చెప్పాలి. ఇది మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. విభాగాధిపతి ఒక సర్క్యులర్ రాసి, నెలకో మధ్యాహ్నం కేటాయిస్తే వచ్చే నెల నుంచే మొదలవుతుంది.